మిరుగు ఆదివారం, గంగాళంలో కొర్రమట్ట

నీళ్లను ఒకచోట చేర్చి, వాటిలో ప్రాణం కదలాలని పలికిన దేవునికి స్తోత్రం. ఆ మాట ఆయన సముద్రాల కోసమే పలికాడని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మా జిల్లాలో సముద్రం లేదు. గోదావరి ఉంది, మంజీర ఉంది, కాలువ ఉంది, ఊరికో చెరువు ఉంది. ఆ మాట మా చెరువు మీద కూడా పలికాడని నాకు తెలియజేసినందుకు ఆయనకు వందనాలు. ఆయన చేసిన మేలులన్నీ చెప్పబోతే ఈ కాగితాలు చాలవు గనుక ఒక్క చెరువు సంగతి చెప్పి ఊరుకుంటాను.

నేను డిచ్‌పల్లి దగ్గరి మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక బోధన్ దాపున ఉన్న ఊరికి కాపురానికి వచ్చాను. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లను తూకం వేసే కాటా దగ్గర పనిచేసేవారు. చెరకు ఆడే నెలల్లో ఆయన ముఖం చూడటమే కష్టం. ఫ్యాక్టరీ ఆగిందా, ఇక వానలు ముగిసేదాకా ఆయనకు ఒకటే ధ్యాస, గాలం. ఆదివారం గుడిలో దీవెన పలికి ఆమేన్ అనేసరికే ఆయన ఒక కాలు చెప్పులో ఉండేది.

ఎర తయారుచేయడం మా వంటింట్లో పెద్ద కార్యక్రమం. గోధుమపిండిలో చక్కెర మడ్డి పోసి, వేయించి దంచిన మెంతులు కలిపి, ముద్దలు చేసి గుడ్డలో కట్టేవారు. ఒకసారి నేను అది లడ్డూపిండి అనుకుని నోట్లో వేసుకున్నాను. "చెరువుల చాప పడుతదో లేదో గాని, ఇంట్ల చాపైతే పడ్డది" అని ఏడాది పొడవునా నన్ను ఆటపట్టించారు.

ఆయనకు జోడీ బోధన్ బజారులో బట్టలు కుట్టే ఒక ముసలి సాయిబు. మేమంతా చాచా అనేవాళ్లం. శుక్రవారం మసీదు ఎంత తప్పనిదో, ఆదివారం చెరువు కూడా ఆయనకు అంతే తప్పనిది. సైకిలుకు గాలం కర్ర కట్టుకుని, వెనక టిఫిన్ డబ్బా పెట్టుకుని వచ్చేవాడు. ఆయన వెంట బజారు నుంచి, ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి ఇంకొందరు వచ్చేవాళ్లు. అందరూ షోకుకు వచ్చేవాళ్లే. దొరికితే కూర, దొరక్కపోతే కబుర్లు.

ఆ చెరువు మీదనే బతికేవాళ్లు వేరే ఉన్నారు. చెరువు కట్ట కింద వాడలో చేపలు పట్టే కుటుంబాలు ఉండేవి. వాళ్లలో సగం మంది మా సంఘం వాళ్లు. వాళ్లందరికీ పెద్ద ఒక అవ్వ. భర్త పోయి చాలాకాలమైంది, ఉన్నది ఒక్క కొడుకు. నీళ్లలోకి వల విసిరితే గుండ్రంగా రొట్టెలా పరుచుకునే చేయి అతనిది. వాడ మొత్తం అతను ఏం చేస్తే అది చేసేది.

చెరువులో చేప తగ్గిపోతూ వచ్చింది. ఒక ఆదివారం నేను మా ఆయనకు అన్నం తీసుకుని కట్ట మీదికి వెళ్లేసరికి అవ్వ కొడుకు ఖాళీ వలను చాచా ముందు పడేసి నిలబడి ఉన్నాడు.

"ఏం చాచా, పడ్డయా? మా ఇండ్లల్ల కుండలు బోర్లేసి పెట్టినం. మీరు నీడకు కూసొని షోకు జేస్తుండ్రు."

"అరె బేటా, పొద్దుగాలకెల్లి కూసున్న. ఒక్కటంటే ఒక్కటి ముట్టలే. నా ఎరంత ఎండ్రికాయలే మెక్కినయి. మా గాలాలకు చెరువు ఖాళీ ఐతదా? నీ వల సూడు ఒకసారి. దాంట్లకెల్లి దోమ సుత బయటికి రాదు."

"పెద్దయి దొరుకుతలేవు కాబట్టే సన్నకండ్ల వల ఏసుడు. షోకుకేసిన్ననుకున్నవా?"

"సన్నయన్ని నువ్వు పడ్తే పెద్దయి ఏడికెల్లొస్తయిరా?"

"మీరు ఇంటికి పొయ్యి బట్టలు కుట్టుకుంటే వస్తయి!"

మా ఆయన మధ్యలోకి వెళ్లి చెరో ముద్ద అన్నం పెట్టి ఆ పూటకు ఆపారు. తినేటప్పుడు అవ్వ కొడుకు మా ఆయనతో మెల్లగా అన్నాడు. "అన్నా, నేను పోచంపాడ్ పోతున్న. డ్యాం కాడ పని దొరుకుతదంట. నిజామాబాద్‌ల రేకుపెట్టె సుత కొన్న." గోదావరి మీద ఆ డ్యాం కడుతున్న రోజులవి. మా వైపు నుంచి చాలామంది అటే వెళ్తున్నారు.

ఆ వారం స్త్రీల కూటానికి అవ్వ అందరికంటే ముందే వచ్చి నా పక్కన కూర్చుంది. కూటం నడిపేది, ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది నేనే.

"బిడ్డా, దేవునితోని జర గట్టిగ చెప్పు. పెట్టె కొనుక్కొచ్చి మంచం కింద పెట్టిండు. రోజు ఊడ్సినప్పుడల్ల చీపురుకు తాకుతది, నా పాణం జల్లుమంటది. డ్యాం కాడ ఏముంటది? సిమెంటు. సిమెంటుల వల ఏస్తడా వాడు?"

"దేవుడు నీ మాట సుత ఇంటడవ్వా."

"నా మాట ఎప్పుడు ఇంటనే ఉన్నడు, బేజారయ్యుంటడు. నీది కొత్త గొంతు."

అందరం నవ్వాం గాని మోకరించాక ఎవరికీ నవ్వు రాలేదు. ఆ ఒక్క కొడుకు కదిలితే వాడ మొత్తం కదులుతుంది. ఆదివారం మా గుడిలో ఎడమవైపు వాడవాళ్లు కూర్చునే చాపలన్నీ ఖాళీ అవుతాయి. అతణ్ణి ఆపాలంటే చెరువులోకి చేప రావాలి. మా ప్రార్థన అంతా ఆ ఒక్కదాని కోసమే.

ఇక మిరుగు వచ్చింది. మా వైపు మృగశిర కార్తె మొదలయ్యే రోజును మిరుగు అంటారు. ఆ నాడు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా దగ్గు, దమ్ము వదలవని అందరి నమ్మకం. అందుకని ఆ రోజు కోమటి వీధి తప్ప ఊరంతా చేపల కోసం ఎగబడుతుంది. సరిగ్గా అప్పుడే తొలకరి వానకు వాగు పారి చెరువులో కలుస్తుంది. ఆ కొత్తనీటి వాసనకు చేపలు వాగులోకి ఎదురెక్కుతాయి. వాగుకు అడ్డంగా వెదురు బుట్టలు పెడితే చాలు, వల విసిరే పని కూడా లేదు.

మిరుగు తర్వాతి ఆదివారం మా సంఘంలో చేపల వాళ్లు ప్రథమ ఫలం తెచ్చేవారు. రైతులు మొదటి కంకి తెచ్చినట్టే, వాళ్లు తొలి వానకు పట్టిన వాటిలో అన్నిటికంటే పెద్దది, బొద్దుగా ఉన్నది ఏరి, మోదుగాకుల్లో పెట్టి గుడిలో ప్రభువు బల్ల ముందు ఉంచేవారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాట ఎవరిదైతే వాళ్లు ఇంటికి తీసుకెళ్తారు, ఆ సొమ్ము గుడికి చెందుతుంది. ఆ ఏడు అవ్వ ఒక వాలుగ చేప తెచ్చింది. చేప తక్కువైన ఏడు కనుక పాట పోటాపోటీగా సాగింది. చివరికి మా ఆయనే గెలిచారు. గాలానికి పడని చేపను వేలంలో పట్టారని అందరూ చప్పట్లు కొట్టారు.

కాంపౌండులో పెరిగిన నాకు అంత చేపను కోయడం చేతకాదు. అవ్వే మా ఇంటికి వచ్చి కత్తిపీట వేసుకుని కూర్చుంది. పొట్ట చీరగానే గుడ్లు జారి పళ్లెం నిండిపోయింది. నిజామాబాద్ మార్కెట్లో పసుపు రాశి పోసినట్టు అంత పచ్చగా ఉన్నాయి. అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"బిడ్డా, పొద్దుగాల పోరగాండ్లకు ఏమో పాఠం జెప్పితివి. తల్లిపిట్ట గూట్ల గుడ్ల మీద కూసొని ఉంటే తల్లిని పట్టొద్దని."

"అవునవ్వా. ధర్మశాస్త్రంల దేవుడు ఇచ్చిన ఆజ్ఞ. తల్లిని ఇడిసిపెడ్తే మేలు కలుగుతదని."

"అది పిట్టలకేనా? చాపలకు లేదా?"

పొయ్యి మీద నూనె కాగుతోంది.

"మంచిది దేవునికి ఇయ్యాలెనని కడుపుతోని ఉన్నదాన్నే ఏరి ఏరి తెస్తున్న. నా అత్త గిట్లనే తెచ్చింది, నేను గిట్లనే తెస్తున్న. నేనొక్కదాన్నేనా, మిరుగుకు ఊరంత ఇవ్వే తింటది. గిప్పుడేమో చెరువుల చాప లేదని మోకాళ్ల మీద పడి ఏడుస్తున్నం." ఆమె పళ్లెం వైపు చూసి ఒక్కసారిగా నవ్వేసింది. "దేవుడు పైన కూసొని ఏమనుకుంటుండో! అడిగేది వీళ్లే, అడిగింది కూర వండుకునేది వీళ్లే."

ఆ కూర తిన్నాం, ఎందుకు దాచాలి. చాలా బాగుంది కూడా. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. భూమిని ఏడేళ్లకొకసారి దున్నకుండా వదిలి విశ్రాంతి ఇవ్వమన్న ఆజ్ఞ కూడా గుర్తొచ్చింది. భూమికి ఉన్న విశ్రాంతి నీటికి ఉండదా?

పాదిరిగారు నెలకోసారి బోధన్ నుంచి సైకిలు మీద వచ్చేవారు. రాగానే అడిగాను. ఆయన చెమట తుడుచుకుని, "ఈ ప్రశ్న నా పరీక్షల్ల రాలేదమ్మా, వస్తే తప్పుతుంటి" అన్నారు. సైకిలుకు స్టాండు వేస్తూ, "సంఘం ఒప్పుకుంటే సరిపోదు. చెరువు అందరిది. అందరిని పిలువుండ్రి" అన్నారు.

ఈ పని కోసమే పాదిరిగారు మరుసటి ఆదివారం మళ్లీ వచ్చారు, గుడి ముందు పందిరిలో కూర్చున్నాం. మా సంఘం వాళ్లు, వాడలోని హిందూ కుటుంబాల పెద్దలు, ఫ్యాక్టరీ గాలాల వాళ్లు, బజారు నుంచి చాచా, అందరూ వచ్చారు. అవ్వ లేచి, చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాగులో బుట్టలు పెట్టొద్దని ఒక్క ముక్కలో చెప్పి కూర్చుంది. పందిరి లేచిపోయేంత గోల మొదలైంది. అన్నిటికంటే పెద్ద గొంతు ఆమె కొడుకుదే.

"బుట్టలు మేం తీయాలె, సన్నకండ్ల వల మేం తీయాలె. మరి గీ గాలాల సార్లు ఏం తీస్తరు? టోపీలు తీస్తరా?"

"మేం జేసిన తప్పేందిరా?" అన్నాడు చాచా.

"చెప్పన్నా? కొర్రమట్ట పిల్లలు నీళ్ల మీద ఎర్రగ గుంపు తేల్తయి. తల్లి కింద కావలి ఉంటది. మీరేం జేస్తరు? గాలానికి కప్పను గుచ్చి ఆ గుంపు మీద ఎగిరిస్తరు. తల్లి ఆకలికి కర్వది చాచా, పిల్లల మీది పాణంతోని కరుస్తది. గప్పుడు గుంజుతరు. తల్లి పోతే ఆ గుంపునంత గంటసేపట్ల వేరే చాపలు మింగుతయి. గీ అక్క పిల్లలకు చెప్పిన తల్లిపిట్ట కత నాకే గాదు, మీకు సుత ఉన్నది."

చాచా రెండు చెంపలూ తట్టుకుని "తౌబా" అన్నాడు. "నిజమే. గా కప్ప విద్దె నా దగ్గరిదే. వీనికి సుత నేనే నేర్పిన." ఆయన వేలు మా ఆయన వైపు ఉంది. మా ఆయన పందిరి ఆకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నారు. ఆ రోజు మా ఇంట్లో తిన్న కొర్రమట్ట కూరలన్నీ నా కళ్ల ముందు కదిలాయి.

తప్పు రెండు పక్షాలదీ అని తేలాక మాటలు నెమ్మదించాయి. మిరుగు నుంచి బతుకమ్మ పండుగ దాకా వాగులో బుట్ట పెట్టకూడదు, చెరువులో వల దిగకూడదు. ఆ తర్వాత కూడా రెండు వేళ్లు దూరని కన్నుల వల వాడకూడదు. పిల్లల గుంపు తేలిన చోట గాలం వేయకూడదు. గాలం వాళ్లు ఒక పూట కూరకు సరిపడా పట్టుకుని లేవాలి. హిందూ పెద్ద ఒకాయన, "మిరుగు నాడు ఊరోళ్లు చాప అడిగితే ఏం జెప్పాలె?" అన్నాడు. ఎండాకాలంలో పట్టి ఎండబెట్టిన చేప అమ్ముదామని ఆడవాళ్లు అన్నారు. ముక్క నోట్లో పడితే చాలు, పచ్చిదా ఎండుదా అని మిరుగు అడగదు కదా అని అవ్వ తేల్చేసింది. వల దిగని నెలల్లో చెరకు, పసుపు చేన్లలో కలుపు పని ఎటూ ఉంటుంది. ఇక పెద్దకన్నుల వలలు కొత్తగా అల్లాలంటే దారం కావాలి. ఆ దారం గాలం వాళ్లే ఏటేటా తేవాలని పాదిరిగారు అన్నారు. చాచా లేచి నిలబడ్డాడు. "దారం సంగతి నాకు ఇడువుండ్రి. బతుకంత దారమే నాది."

అవ్వ కొడుకు చివరికి ఒప్పుకున్నాడు. "సరే, ఒక్క మిరుగు సూస్త. పెట్టె మాత్రం మంచం కిందనే ఉంటది."

మరుసటి మిరుగు వాన పట్టపగలే దంచికొట్టింది. వాగు ఎర్రగా పారింది. మేం గొడుగులు పట్టుకుని వెళ్లి చూశాం. మోకాలి లోతు నీళ్లలో చేపలు ఒకదాని మీద ఒకటి పడి ఎదురెక్కుతున్నాయి, వీపులు బయటికి తేలి తళతళలాడుతున్నాయి. పక్క ఊరి వాళ్లు బుట్టలతో వచ్చారు. అవ్వ కొడుకు కర్ర పట్టుకుని వాగు మధ్య నిలబడి, "ఇయ్యాల పురుడు ఇల్లు ఇది, మొగోళ్లు రావొద్దు" అని వాళ్లను నవ్విస్తూనే వెనక్కి పంపాడు. చాచా, మా ఆయన మరో ఒడ్డున కాపలా. గాలాలు లేకుండా వాళ్లిద్దరినీ నీటి దగ్గర చూడటం నాకు అదే మొదలు. "చేతులు దురదపెడ్తున్నయి అన్నా" అని అవ్వ కొడుకు అరిచాడు. "గోక్కో, నీళ్లల్ల పెట్టకు" అని మా ఆయన జవాబిచ్చారు.

ఇక ప్రథమ ఫలం ఆదివారం. దేవుని సన్నిధికి ఉత్త చేతులతో ఎలా వెళ్లాలి? అవ్వకు ఇదే బెంగ. ప్రాణంతోనే తెచ్చి, ప్రాణంతోనే వదులుదామని పాదిరిగారు అన్నారు. అవ్వ కొడుకు పిల్లలు లేని ఒక పెద్ద కొర్రమట్టను దెబ్బ తగలకుండా చేత్తో పట్టి, గంగాళంలో నీళ్లు పోసి, బల్ల ముందు పెట్టాడు. కొర్రమట్ట గట్టిప్రాణి, త్వరగా చావదు. అంత గట్టిప్రాణి అని మేమూ మరిచిపోయాం.

పాదిరిగారు ప్రసంగం అందుకుని, "సహోదరులారా, నిమ్మళంగ ఉండుడు నేర్చుకోవాలె" అన్నారు. గంగాళం ఠంగుమంది. కొర్రమట్ట గాల్లోకి లేచి, బల్ల గుడ్డను తాకి, నేల మీద పడి, నేరుగా ఆడవాళ్ల చాపల మీదికి పాకింది. కేకలు, నవ్వులు, పిల్లల ఈలలు. పాదిరిగారు తెల్లని నిలువుటంగీ ఒక చేత్తో ఎత్తిపట్టుకుని దాని వెంట వంగి నడిచారు. మా ఆయన పాటల పుస్తకంతో అడ్డం పెట్టబోతే దాని పక్క నుంచి జారిపోయింది. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి చూస్తున్న చాచా, "ఇటు, ఇటు! తోకకు గాదు, తలకు పట్టుండ్రి!" అని అక్కడి నుంచే హుకుములు జారీ చేస్తున్నాడు. చివరికి అవ్వే చెంగు పరిచి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి గంగాళంలో వేసి, పైన చాట మూసి దాని మీద తన చెయ్యి పెట్టి కూర్చుంది. "ఇగ చెప్పుండ్రయ్యా, నిమ్మళంగనే ఉన్నది" అంది.

వేలం కూడా జరిగింది. గుమ్మం బయటి నుంచి చాచా పాడాడు, ఆయన మీద ఎవరూ పాడలేదు. "పాటైతే గెలిస్తి. నాకేం వస్తది?" అని అడిగాడు. "ఇడిసిపెట్టే భాగ్యం" అన్నారు పాదిరిగారు. అందరం పాటలు పాడుకుంటూ చెరువు దాకా నడిచాం. చాచా పైజామా పైకి మడిచి, నీళ్లలోకి దిగి, బిస్మిల్లా అని చేతులు వదిలాడు. చేప ఒక్క క్షణం ఆయన చేతుల మధ్యనే ఆగింది. తోక ఒకసారి కదిలింది, నీళ్లు మూసుకున్నాయి. "యా అల్లా, జిందగీల పట్టినయన్ని కలిపినా గింత ఖుషీ కాలే" అన్నాడు. అవ్వ "స్తోత్రం" అంది. రెండూ ఒక్కరికే చెందాయని నా నమ్మకం.

బతుకమ్మ పూలు చెరువులో తేలిన తర్వాత, చాచా దారంతో అల్లిన కొత్త వల దిగింది. గొప్పగా ఏమీ పడలేదు. పడినవి మాత్రం చేతి నిండా ఉన్నాయి. ఆ సాయంత్రం అవ్వ ఆయాసపడుతూ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. చేపలు పడలేదని ఏడవడానికి వచ్చిందేమో అనుకున్నాను.

"బిడ్డా, ఒడ్డెంబడి చాపపిల్లలు పొగలెక్క కదుల్తున్నయి. వాడు నీళ్లల్ల నిలవడి సూసిండు, సూసి ఏమన్నడో తెల్సా? 'వచ్చే ఏటికి ఇవి చేతికస్తయే' అన్నడు. వచ్చే ఏటికి అన్నడు బిడ్డా!"

ఆ రాబోయే ఏడు వచ్చింది. మళ్లీ మిరుగు, మళ్లీ వాన, మళ్లీ ప్రథమ ఫలం ఆదివారం. ఈసారి అవ్వ కొడుకు గంగాళం తేలేదు. తలమీద ఆ మంచం కింది రేకుపెట్టె పెట్టుకుని, మెడ మీదికి నీళ్లు కారుతుండగా గుడిలోకి నడిచొచ్చాడు. బల్ల ముందు దించి, మూత కొంచెం ఎత్తి చూపించాడు. లోపల నీళ్లలో కొర్రమట్ట ఉంది.

"మూత ఉన్నది గిదొక్కటే దొర్కింది పాదిరిగారూ. ఇయ్యాల మీ ప్రసంగం మంచిగ సాగుతది" అన్నాడు.

అవ్వ నా వైపు వంగి, నవ్వును చెంగుతో మూసుకుంటూ చెవిలో చెప్పింది. "ఇగ దాంట్ల బట్టలు పెడ్తే చాపల వాసన బతికినన్ని దినాలు పోదు. అది పట్టుకొని డ్యాం కాడికి ఎట్ల పోతడు?"

అతను వెళ్లలేదు. ఎడమవైపు చాపలు నిండుగానే ఉన్నాయి.

ఇది చదువుతున్న మీరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచమని అడుగుతున్నాను. మీ దగ్గర చెరువు ఉంటే దాన్ని తలుచుకోండి, నది ఉంటే నదిని, సముద్రం ఉంటే సముద్రాన్ని. తండ్రీ, ఈ నీళ్లలో నీవు పెట్టిన ప్రాణాన్ని కాపాడు. బువ్వకు వల వేసే చేతులను, షోకుకు గాలం వేసే చేతులను ఒకే ఒడ్డున కూర్చోబెట్టు. పట్టగలిగినప్పుడు ఆగే శక్తి మాకివ్వు. కడుపుతో ఉన్న ప్రతి తల్లినీ, అది ఏ జీవమైనా, దాని గూటికి క్షేమంగా చేర్చు. మీరూ నాతో పాటు అనండి, ఆమేన్.